గులాబీ పురుగు మగదాన్ని దారి తప్పించడం: వరంగల్ పత్తి చేలలో ఒక సీజన్

పత్తిలో గులాబీ రంగు పురుగును మందు కొట్టి చంపడం ఎందుకంత కష్టమో ముందు చెప్పాలి. ఈ కేసులో మేం చేసిన పనంతా అక్కడి నుంచే మొదలైంది.

తల్లి పురుగు పూమొగ్గల మీద, లేత కాయల మీద, రక్షక పత్రాల చాటున గుడ్లు పెడుతుంది. నాలుగైదు రోజుల్లో గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు ఆకుల మీద తిరుగుతూ కూర్చోదు. త్వరగా మొగ్గలోకో కాయలోకో దూరిపోతుంది. దూరిన సన్నటి రంధ్రం తర్వాత పూడుకుపోతుంది. పైకి కాయ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల గింజ తినేస్తూ ఉంటుంది. పూతలో పడితే కనీసం రెక్కలు విచ్చుకోని గుడ్డి పూలు కనిపిస్తాయి. కాయలో పడితే ఆ గుర్తు కూడా ఉండదు. రైతుకు తెలిసేసరికి కాయ సగమే విచ్చుకుని, దూదికి పసుపు మరకలు పట్టి ఉంటాయి. అప్పుడు కొట్టే సింథటిక్ పైరిత్రాయిడ్ మందు కాయలో ఉన్న పురుగుకు తగలదు. చేలో తెల్లదోమ పెరగడానికి మాత్రం పనికొస్తుంది.

ఇది మన దేశానికి కొత్త పురుగేమీ కాదు. గుజరాత్‌లోని భరూచ్ ప్రాంతంలో పత్తిని పాడుచేస్తుంటే పట్టిన నమూనాల నుంచే 1843లో సాండర్స్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదటిసారి వర్ణించాడు. 2002లో బీటీ పత్తి (పురుగును చంపే బాక్టీరియా జన్యువు చొప్పించిన పత్తి), 2006లో రెండు జన్యువుల బీటీ వచ్చాక కొన్నేళ్లు మన రైతులు దీని సంగతే మర్చిపోయారు. 2010లో గుజరాత్‌లో మొదటి రకం బీటీని తట్టుకుంటోందని తేలింది. ఆ తర్వాత కొన్నేళ్లకు రెండు జన్యువుల పత్తిలోనూ బతకడం నేర్చుకుంది. 2010ల రెండో సగానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ చేలలో మళ్లీ స్థిరపడిపోయింది.

కేసు జరిగింది పూర్వపు వరంగల్ జిల్లాలోని ఒక ఊళ్లో. ఊరి పేరు, రైతుల పేర్లు రాయడం లేదు. నల్లరేగడి నేల, చాలామంది చిన్న రైతులకు చెందినా ఒకే పట్టుగా ఉన్న పత్తి. తూర్పున వరి మడులు, పడమర రోడ్డు, ఆ రోడ్డు మీదే కాస్త దూరంలో ఒక జిన్నింగ్ మిల్లు. ఉత్తరాన పక్క ఊరి పత్తి చేలు మొదలవుతాయి. ఈ మూడు దిక్కుల సంగతి గుర్తుంచుకోండి. చివరికి ఫలితాన్ని నిర్ణయించింది వాటిలో ఒకటి.

అంతకుముందు సీజన్‌లో ఈ రైతుల్లో కొందరు ఎకరానికి ఎనిమిదేసి లింగాకర్షక బుట్టలు, అంటే ఆడ పురుగు వాసన ఎరగా పెట్టి మగ పురుగులను పట్టే బుట్టలు, పెట్టారు. మేం వెళ్లి ఏమైందని అడిగితే ఒక పెద్దాయన అన్న మాట నా నోట్‌బుక్‌లో అలాగే రాసుకున్నాను. "బుట్టలు నిండినయి సారూ, కాయలు కూడ నిండినయి, పురుగుతోని."

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. బుట్టలో పడేవన్నీ మగ పురుగులు. ఆడ పురుగు ఆ ఎర వైపు రానే రాదు. మిగిలిన ఒక్కో మగ పురుగు ఎన్నో ఆడ పురుగులతో జతకట్టగలదు కాబట్టి సగం మగవాటిని పట్టేసినా గుడ్లు సగానికి తగ్గవు. చేలో పురుగు పెరిగేకొద్దీ నిజమైన ఆడ పురుగుల వాసన ఎక్కువై మన ఎర వాటి మధ్య ఒకటిగా మిగిలిపోతుంది. పైగా కొందరు ఎరను సీజన్ మొత్తం మార్చలేదు. రబ్బరు ఎరను మూడు నాలుగు వారాలకోసారి మార్చకపోతే బుట్ట ఉన్నట్టే ఉంటుంది, పిలవడం మానేస్తుంది. శనగపచ్చ పురుగు ఎర పట్టుకున్న చేత్తోనే గులాబీ పురుగు ఎర పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆ రెండు పురుగుల వాసనలు పూర్తిగా వేర్వేరు రసాయనాలు. ఒకదాని మీద ఇంకొకటి అంటితే ఎర చెడుతుంది.

బుట్ట మంచి పనిముట్టు. దాని పని నిఘా. ఎకరానికి రెండు చాలు. ఒక్కో బుట్టలో రాత్రికి 8 చొప్పున వరసగా మూడు రాత్రులు పడితే చర్య తీసుకోవాల్సిన సమయం వచ్చిందని అర్థం. పత్తి రైతుకు ఈ అంకె నోటికి వచ్చి ఉండాలని నా కోరిక. ఫోన్‌తో ఫొటో తీస్తే బుట్టలో పురుగులను లెక్కపెట్టి సలహా ఇచ్చే కాటన్‌ఏస్ లాంటి యాప్‌ను వాద్వానీ ఏఐ సంస్థ తయారుచేసింది. లెక్క ఎవరు పెట్టినా సరే, లెక్క తర్వాత ఏం చేయాలన్నదే ఈ ఊరి రైతుల ప్రశ్న.

మా జవాబు పురుగు ముక్కులో ఉంది. పురుగుకు ముక్కుండదు, మీసాలుంటాయి. వాటి మీద కంటికి కనిపించనంత సన్నని నూగు, ఆ నూగు వెంట్రుకలకు రంధ్రాలు. గాలిలో కొట్టుకొచ్చిన వాసన అణువు ఆ రంధ్రంలోంచి లోపలికి జారుతుంది. అక్కడున్న ద్రవంలో ఒక ప్రొటీన్ దాన్ని పట్టుకుని నాడీకణం దాకా మోసుకెళుతుంది. ఆ కణం ఆ ఒక్క ఆకారానికే స్పందించేలా తయారై ఉంటుంది.

దీన్ని మొదట విప్పింది పట్టుపురుగులో. హిందూపురం వైపు గ్రెయినేజీల్లో (పట్టుపురుగు గుడ్లు తయారుచేసే కేంద్రాల్లో) పనిచేసినవాళ్లు ఈ దృశ్యం రోజూ చూస్తారు. గూడు చీల్చుకుని బయటికొచ్చిన మగ పురుగు ఎగరలేదు, కానీ రెక్కలు టపటపా కొట్టుకుంటూ ఆడ పురుగు వైపు నడిచి వెళుతుంది. దాన్ని నడిపించే రసాయనమేమిటో కనుక్కోవడానికి జర్మనీలో బ్యూటెనాంట్ బృందానికి దాదాపు 20 ఏళ్లు పట్టింది. దాదాపు 5 లక్షల ఆడ పురుగుల నుంచి కొన్ని మిల్లీగ్రాముల పదార్థం తీసి, 1959లో బాంబికాల్ అని ప్రకటించారు. ఆ తర్వాత 1970 నాటికి కైస్లింగ్, ప్రీస్నర్ ఇంకో సంగతి తేల్చారు. ఒకే ఒక్క బాంబికాల్ అణువు తగిలినా చాలు, మగ పురుగు మీసంలోని నాడీకణం సంకేతం పంపుతుంది. అంతకంటే సున్నితమైన వాసన పరికరం ఉండడానికి వీల్లేదు, ఎందుకంటే ఒకటి కంటే తక్కువ అణువులు ఉండవు కదా. ఈ విషయం రైతు వేదికలో చెప్పినప్పుడు వెనక వరసలోని కుర్రాళ్లు కూడా ఫోన్లు పక్కన పెట్టారు.

గులాబీ పురుగు విషయంలో కథ ఇంకొంచెం చిక్కు. 1966లో అమెరికా శాస్త్రవేత్తలు ఒక రసాయనాన్ని ఇదే దాని వాసన అని ప్రకటించారు. పొలంలో పెడితే మగ పురుగులు పట్టించుకోలేదు. అసలు వాసన 1973లో దొరికింది, పేరు గాసిప్లూర్. అది ఒకటి కాదు, రెండు అణువుల మిశ్రమం. రెండింటిలోనూ అవే పరమాణువులు, అదే 16 కార్బన్ల గొలుసు. ఒక్కచోట మాత్రం గొలుసు వంపు ఒకదానిలో ఇటు, ఇంకోదానిలో అటు. ఆడ పురుగు ఈ రెండింటినీ దాదాపు సమానంగా కలిపి వదులుతుంది, మగ పురుగు ఆ పాళ్లను గుర్తుపడుతుంది. ఆ రెండు అణువుల్లో ఒకటి మాత్రమే వదిలే ఇంకో పురుగు ఉంది: నిల్వ వడ్లలో, మొక్కజొన్నలో పడే చిన్న రెక్కల పురుగు. అందుకే ధాన్యం కొట్టు పక్కన కట్టిన బుట్టలో పడ్డవన్నీ గులాబీ పురుగులని లెక్కలో రాసుకోవద్దని మా కుర్రాళ్లకు మొదటి రోజే చెప్పాను. రెండూ ఒకే కుటుంబం, దూరం నుంచి చూస్తే తేడా తెలియదు.

ఇక మగ పురుగు ఆడదాన్ని ఎలా చేరుతుంది? అర్ధరాత్రి దాటాక, గాలి నెమ్మదించినప్పుడు ఆడ పురుగు ఒకచోట కూర్చుని వాసన వదులుతుంది. గాలిలో వాసన తెగని దారంలా ఉండదు, ముక్కలు ముక్కలుగా విడిపోయి వస్తుంది. మగ పురుగు మీసానికి ఒక ముక్క తగలగానే గాలికి ఎదురుగా దూసుకుపోతుంది. వాసన పోయిందా, ముందుకెళ్లడం ఆపి ఎడమకు, కుడికి అడ్డంగా ఊగుతూ వెతుకుతుంది. మళ్లీ తగలగానే మళ్లీ ఎదురుగాలికి. ఎగురుతూనే కింద నేల ఎటు జరుగుతోందో కళ్లతో చూసుకుంటూ గాలి దిశను అంచనా వేసుకుంటుంది. ముక్కు, కన్ను రెండూ కలిసి చేసే పని ఇది.

ఇదే సూత్రంతో 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక చిన్న డ్రోన్‌ను ఎగరేశారు. వాళ్లు కృత్రిమ సెన్సర్ పెట్టలేదు, ఒక పెద్ద రెక్కల పురుగు మీసాన్నే తెచ్చి సన్నని తీగలతో బిగించారు. విడదీసిన మీసం నాలుగు గంటల దాకా పనిచేస్తుంది. వాసన తగిలితే డ్రోన్ ఎదురుగాలికి పోతుంది, పోగొట్టుకుంటే అడ్డంగా వెతుకుతుంది. గ్యాస్ లీకులు, కూలిన భవనాల్లో మనుషులను వెతకడం లాంటి పనులకు ఆ దారి ఉపయోగపడుతుందని వాళ్ల ఆలోచన. కానీ పురుగు ముక్కు తెలివిని అంతకన్నా ముందే, అంతకన్నా పెద్ద ఎత్తున వాడుకున్నది పత్తి చేలలోనే. 1978లో అమెరికాలో గాసిప్లూర్‌తో పురుగులకు జత కుదరనివ్వని పద్ధతికి అనుమతి వచ్చింది. లింగాకర్షక రసాయనాల్లో ఆ వాడకానికి అక్కడ అనుమతి పొందిన మొదటిది అదే.

పద్ధతి ఇది. పొలం గాలినిండా ఆడ పురుగు వాసనే నింపేస్తాం. మగ పురుగుకు ఎటు తిరిగినా వాసనే, ఏ దిక్కున ఆడ పురుగుందో తెలియదు. కొన్ని మనం పెట్టిన వాసన చుట్టూ తిరిగి అలిసిపోతాయి. కొన్నిటి మీసం ఎప్పుడూ వాసనలోనే ఉండడంతో మొద్దుబారి, పక్కనే ఉన్న నిజమైన ఆడ పురుగును కూడా పట్టించుకోదు. జత కుదరకపోతే పెట్టిన గుడ్లు పొదగవు. పెళ్లి ఊరేగింపు బ్యాండు మధ్యలో నిలబడి చెవిలో రహస్యం చెబితే ఎలా వినిపించదో, ఆడ పురుగు పిలుపు అలా మునిగిపోతుంది.

జపాన్‌లోని షిన్‌ఎత్సు సంస్థ ఈ రసాయనాన్ని సన్నటి ప్లాస్టిక్ గొట్టంలో నింపి, పక్కన వంగే తీగ పెట్టి తాడులా తయారుచేసింది. గొట్టం గోడలోంచి వాసన నెమ్మదిగా, మూడు నెలలకు పైగా బయటికొస్తుంది. మన దగ్గర పీబీ నాట్ పేరుతో దొరుకుతుంది, ఎకరానికి 160 తాళ్లు కట్టాలి. జిగురు ముద్ద రూపంలో వచ్చేది కూడా ఉంది. హైదరాబాద్‌లోని ఏటీజీసీ బయోటెక్ దాన్ని మన రైతుల దగ్గరికి తెచ్చింది. మేం ఈ కేసులో తాళ్లు వాడాం. కూలీలకు నేర్పడం తేలిక, కట్టారో లేదో నడిచి వెళ్లి చూసుకోవచ్చు.

ఒక్కడి పొలంలో కడితే ఈ పద్ధతి దండగ. రెండెకరాల ముక్కలో నింపిన వాసన గాలికి పక్క చేలోకి పోతుంది, పక్క చేలో జతకట్టిన ఆడ పురుగు ఇటు వచ్చి గుడ్లు పెడుతుంది. ఆడ పురుగు ఒకసారి జతకట్టాక మన వాసనతో దానికి పనే లేదు. కాబట్టి ఈ పట్టులోని రైతులందరినీ కలపడానికే మాకు తాళ్లు కట్టడం కన్నా ఎక్కువ సమయం పట్టింది. ఊళ్లో పత్తి మందుల అప్పు తీరని వాళ్లు, కౌలు రైతులు, ఒక్క ఏడాదికి పొలం పట్టుకుని వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని వాళ్లు ఉన్నారు. అటువంటి వాళ్లను "పక్కవాడి మేలు కోసం నువ్వూ డబ్బు పెట్టు" అని అడగడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఈ పట్టులో కౌలు రైతుల వాటాను రైతు సంఘం భరించింది. అలా ఒప్పందం కుదిరింది కాబట్టే పని మొదలైంది.

మృగశిర కార్తెలో విత్తినవి, తర్వాత వానలు చూసుకుని విత్తినవి కలిసి ఉన్నాయి. ముందు విత్తిన చేలకు నలభై రోజులు దాటి గూడ (పూమొగ్గ) వేసే సమయానికి అందరం ఒకేసారి కట్టాం. మొక్క పైభాగంలో, ఆకు నీడ పడేచోట తాడును కొమ్మకు మెలితిప్పాలి. మరీ గట్టిగా తిప్పితే కొమ్మ లావైనప్పుడు కోసుకుంటుంది. గాలి వచ్చే వైపు సాళ్లలో దగ్గర దగ్గరగా కట్టించాం, ఎందుకంటే ఆ అంచులో వాసన నిలవదు, గాలితో లోపలికి పోతుంది. నిఘా బుట్టలను మాత్రం తీయలేదు.

రెండు వారాలు తిరక్కముందే ఆ పెద్దాయన నుంచి ఫోన్. "సారూ, బుట్టల్ల ఒక్క పురుగు పడ్తలేదు. మీ తాళ్లు కట్టినంక ఎర సచ్చిపోయినట్టుంది. కొత్తవి తెచ్చియ్యుండ్రి."

ఈ పద్ధతి వాడిన ప్రతి ఊళ్లో ఈ ఫోన్ వస్తుంది. ఎర చావలేదు. మగ పురుగు దాని దగ్గరికి దారి కనుక్కోలేకపోతోంది. రబ్బరు ఎరను కనుక్కోలేని మగ పురుగు ఆడ పురుగును కూడా కనుక్కోలేదు, అందుకే ఖాళీ బుట్ట ఇక్కడ మంచి గుర్తు. అయితే ఆ గుర్తు మీదే ఆధారపడి ఇంటికెళ్లి పడుకోకూడదు. బుట్ట ఖాళీగా ఉండడానికి పురుగే లేకపోవడం, ఎర నిజంగా పాతబడిపోవడం కూడా కారణం కావచ్చు. బయటి నుంచి జతకట్టి వచ్చిన ఆడ పురుగులను బుట్ట ఎప్పుడూ చూపించదు. అందుకని పెద్దాయనకు కాయలు కోసి చూడమని చెప్పాం.

వారానికోసారి పొలంలో వేర్వేరు చోట్ల నుంచి 20 లేత కాయలు తెంపి పగలగొట్టాలి. రెండు కాయల్లో పురుగు కనిపిస్తే 10 శాతం, అంటే మందు కొట్టే స్థాయి. విత్తనం మీద నమ్మకంతోనో, పచ్చి కాయ తెంపడం నష్టమనో రైతులు ఈ పని చేయరు. 20 కాయలు పోతే పోయేదేమీ లేదు. ఈ పట్టులో ఆడవాళ్ల బృందం ఆ బాధ్యత తీసుకుంది. కూలి పనికి వచ్చిన చేలోనే కాయలు కోసి, గోరుతో గింజలు విప్పి చూసి రాసేవాళ్లు. మా ఉద్యోగులు రాసిన వివరాల కన్నా వాళ్ల నోట్‌బుక్ శుభ్రంగా ఉంది.

ఇంకో పరీక్ష మేం చేశాం. దీపపు ఎరలో పడిన ఆడ పురుగులను సూక్ష్మదర్శిని కింద కోసి, లోపల మగ పురుగు వదిలిన వీర్యపు సంచి ఉందో లేదో చూడడం. ఉంటే జతకట్టినట్టు. పట్టు నడిమధ్యన పట్టిన ఆడ పురుగుల్లో ఎక్కువ శాతం ఖాళీగా ఉన్నాయి. ఉత్తరం అంచున పట్టిన వాటిలో సంచులు కనిపించాయి. బుట్టలు మాత్రం రెండు చోట్లా ఒకేలా ఖాళీ. బుట్ట దాచింది ఈ పరీక్ష బయటపెట్టింది.

దసరా ఏరుడు నాటికి కాయల లెక్క కూడా అదే చెప్పింది. పట్టు మధ్యలోని చేలు సీజన్ చివరి దాకా 10 శాతం గీత దాటలేదు. అక్కడ గులాబీ పురుగు కోసమని ఒక్క మందూ కొట్టలేదు. తూర్పున వరి ఉన్న వైపు కూడా బాగానే ఉంది, వరిలో ఈ పురుగుకు తిండి లేదు కాబట్టి అటు నుంచి ఎవరూ రాలేదు. పడమర మిల్లు వైపు కాస్త ఇబ్బంది కనిపించింది, విత్తనాల గుట్టల్లో నిద్రపోయిన పురుగులు అక్కడి నుంచే లేచి వస్తాయి. అసలు దెబ్బ ఉత్తరాన. పక్క ఊరి చేలకు ఆనుకున్న మూడు నాలుగు సాళ్ల వెడల్పులో కాయలు గీత దాటాయి, ఆ అంచు రైతులు మందు కొట్టాల్సి వచ్చింది. అందులో ఒకాయన తాళ్ల డబ్బు కూడా అందరితో సమానంగా పెట్టాడు. ఆయన కోపం న్యాయమైనది. పట్టు అంచున ఉన్నవాడు లోపలివాళ్లకు గోడలా నిలబడి నష్టం తను భరిస్తాడు, అంచు రైతుల వాటా తక్కువగా ఉండాలని తర్వాతి సమావేశంలో మేమే ప్రతిపాదించాం.

మందు తగ్గిన చేలలో అక్షింతల పురుగులు, అల్లిక రెక్కల పురుగులు నిలబడ్డాయి. అవి తెల్లదోమను తినిపెట్టాయి. కానీ తాళ్లు పచ్చదోమను, తామర పురుగులను, శనగపచ్చ పురుగును ఏమీ చేయవు. ఒక రైతు "తాళ్లు కట్టినం కదా" అని పచ్చదోమను కూడా వదిలేశాడు, ఆకులు ఎర్రబారాక తెలుసుకున్నాడు. ఈ ముక్క తాళ్లు ఇచ్చే రోజే, ఇచ్చే చేత్తోనే చెప్పాలి.

అరిజోనా రాష్ట్రంలోని పార్కర్ లోయలో 1990ల మొదట్లో లోయ మొత్తం మీద ఈ తాళ్లు వాడారు. ఆ తర్వాత పెద్ద నిర్మూలన కార్యక్రమంలో బీటీ పత్తి, సంతానం కలగని మగ, ఆడ పురుగులను విమానాల్లోంచి వదలడం, తాళ్లు, పంట కట్టెల నాశనం అన్నీ కలిపి చేసి, 2018 అక్టోబర్‌లో అమెరికా పత్తి చేలలో గులాబీ పురుగు లేదని ప్రకటించారు. అక్కడి పొలాలు వందల ఎకరాలవి, కొద్ది సంతకాలతోనే ఒక లోయ కలిసిపోతుంది. మన దగ్గర అంత విస్తీర్ణం కలపాలంటే ఎన్నో వందల సంతకాలు కావాలి. ఈ తేడాను పట్టించుకోకుండా "అక్కడ పనిచేసింది, ఇక్కడెందుకు పనిచేయదు" అనడం పత్తి రైతుకు అన్యాయం చేయడమే. మన దగ్గర ఈ సాంకేతికతకు అసలు ఖర్చు తాళ్ల ధర కాదు, ఊళ్ల మధ్య మాటలు కలిపే మనిషి జీతం. ప్రభుత్వ పథకాల్లో తాళ్లకు రాయితీ ఉంటే సరిపోదు, ఆ పని చేసే ఏఈవోకు (వ్యవసాయ విస్తరణ అధికారికి) సమయం ఇవ్వాలి.

సంక్రాంతి లోపే పట్టులో పత్తి తీసేయించాం. మూడో, నాలుగో ఏరుడు కోసం ఫిబ్రవరి దాకా చేను ఉంచితే పురుగు తర్వాతి సీజన్‌కు విత్తనం వేసుకున్నట్టే. వంటచెరకు కోసం గట్ల మీద పేర్చిన పత్తి కట్టెలను ష్రెడర్‌తో నలిపించాం. కాయలు అంటుకున్న కట్టెలో ముడుచుకున్న గులాబీ పిల్ల పురుగులను ఆ రోజు చాలామంది రైతులు మొదటిసారి చూశారు. జిన్నింగ్ మిల్లు యజమానితో మాట్లాడి లోపలా, ప్రహరీ వెంటా బుట్టలు కట్టించాం, ఇక్కడ మాత్రం అవి నిండుతున్నాయి.

ఉత్తరం ఊరి రైతుల్లో కొందరు మన చేలు చూడడానికి వచ్చారు. ఆడవాళ్ల బృందం వాళ్లకు కాయలు కోసి చూపించింది. వచ్చే వానాకాలం రెండు ఊళ్ల పత్తినీ ఒకే పట్టుగా లెక్కించి, రోహిణి కార్తెలోనే రైతు వేదికలో కూర్చోవాలని ఒప్పుకున్నారు. ఎన్ని తాళ్లు కావాలో, కొత్త అంచు ఎవరి పొలాల మీదుగా పోతుందో, ఆ అంచు రైతుల వాటా ఎంత తగ్గించాలో అప్పుడు తేలుతుంది.